మా పాప ఏడుస్తున్న వీడియో ఏడాదైనా తిరుగుతూనే ఉంది, ఏం చెయ్యాలి?

మెతుకుసీమ_అమ్మ

అందరికీ నమస్కారం. ఇది రాయాలా వద్దా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను.

మా పాప గురుకులంలో చదువుతుంది, ఇప్పుడు ఏడో తరగతి. పోయినేడు వాళ్ల హాస్టల్లో రాత్రి అన్నం తిన్నాక ముప్పై మందికి పైగా పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లవారుజామున నాకు ఫోన్ వచ్చింది. ఆటో మాట్లాడుకుని నేనూ మా ఆయనా దవాఖానకు చేరేసరికే వార్డులో రెండు కెమెరాలు ఉన్నాయి. అంటే కన్నవాళ్ల కంటే ముందు మైకులు వచ్చాయి. పాప చేతికి సెలైన్ ఎక్కుతోంది, ఒకతను మంచం మీదికి వంగి మైకు పెట్టి "ఎట్లుంది బిడ్డా, భయమైతుందా" అని అడుగుతున్నాడు. అది ఏడ్చింది. ఏడవదా మరి, రాత్రంతా నిద్ర లేదు, పక్క మంచం పిల్ల స్పృహ లేకుండా ఉంది.

రెండు రోజుల్లో కోలుకుని ఇంటికి వచ్చేసింది, ఆరోగ్యపరంగా ఏమీ లేదు. కానీ ఆ ఏడుపు మాత్రం అక్కడే ఆగలేదు. పేరు, తరగతి, ఊరు అన్నీ కింద రాసి వేశారు. తర్వాత అదే ముక్కను యూట్యూబ్‌లో ఇంకో ముగ్గురు నలుగురు ఎత్తుకుని, పాప ముఖం పెద్దది చేసి చుట్టూ ఎర్ర గుండ్రం గీసి పెట్టుకున్నారు. ఇప్పటికీ ఏ హాస్టల్లో ఏం జరిగినా ఆ పాత విజువల్స్ మళ్లీ వస్తాయి. మొన్న వేరే జిల్లాలో జరిగిన దానికి కూడా మా పాప ముఖమే వేశారు. చుట్టాలు ఫోన్ చేసి "మళ్లీ ఏమైంది" అని అడిగారు.

ఊళ్లో పిల్లలు దాన్ని ఆ వీడియోలోని మాటతోనే పిలుస్తున్నారు. క్లాసులో చెయ్యెత్తడం మానేసిందని టీచర్ చెప్పారు. అన్నింటికంటే నాకు టెన్షన్ పెట్టిన విషయం ఏమిటంటే, దసరా సెలవులకు వచ్చినప్పుడు నా ఫోన్ తీసుకుని దుప్పటి కింద అదే వీడియో చూస్తోంది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు పట్టుకున్నాను. ఎందుకు చూస్తున్నావు అంటే జవాబు లేదు.

వార్తలు వద్దని నేను అనడం లేదు. ఆ వార్త వచ్చాకే కాంట్రాక్టర్‌ను మార్చారు, తిండి బాగుపడింది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ పసిపిల్లను అట్లా చూపించకుండా ఆ వార్త చెప్పలేరా? ఆ వీడియోలు తీయించే దారి ఏమన్నా ఉందా? ఇంకోటి, ఇట్లా తనను తాను టీవీలో చూసుకున్న పిల్లలకు, రోజూ ఇలాంటి వార్తలు చూసే పిల్లలకు లోపల ఏమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతడెస్కు

అమ్మా, నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో, తర్వాత కొన్నేళ్లు ఒక ఛానెల్లో పనిచేసి మానేసినవాణ్ణి. మీ పాప విషయంలో అక్కడ ఏం జరిగి ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మండలాల్లో వార్త పంపేవాళ్లు చాలామంది స్ట్రింగర్లు, కంట్రిబ్యూటర్లు. వాళ్లలో ఎక్కువమందికి చెప్పుకోదగ్గ జీతం ఉండదు. హాస్టల్లో పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు అని ఫోన్ చెయ్యగానే డెస్కు నుంచి వచ్చే మొదటి ప్రశ్న "బైట్ ఉందా?" అంటే కెమెరా ముందు ఎవరన్నా మాట్లాడిన ముక్క ఉందా అని. డాక్టర్ బైట్ పంపితే "అది కాదు, పిల్లలది" అంటాం. పిల్ల మామూలుగా మాట్లాడిన బైట్ పంపితే అది పక్కన పడుతుంది, ఏడ్చినది పైకి వస్తుంది. అందుకే ఆ కుర్రాడు "ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు" అని అడగకుండా "భయమైతుందా" అని అడిగాడు. ఏ ప్రశ్నకు కన్నీళ్లు వస్తాయో అతనికి మేమే నేర్పాం.

మా భాషే చూడండి. వార్తలో పిల్ల ఉందంటే "అభం శుభం తెలియని చిన్నారి", "పసిమొగ్గ", "చిదిమేశాడు", "కాటేశాడు". ర్యాంకు వస్తే "చదువుల తల్లి", "సరస్వతీ పుత్రిక". ఏదన్నా చేసి చూపిస్తే "బుడతడు", "చిచ్చర పిడుగు". ఇన్నేళ్లలో నేను దిద్దిన కాపీల్లో పిల్లలు చావాలి, లేదా ఫస్టు రావాలి, లేదా వింత చెయ్యాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి బడికి వెళ్లే పిల్ల, ఆ దారిలో వీధిదీపం కావాలని అడిగితే అది జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ కూడా కాదు. పిల్లలు మాట్లాడగలరు, వాళ్లకు ఒక అభిప్రాయం ఉంటుంది అన్న ఆలోచనే మా పనిలో ఎక్కడా లేదు.

బోరుబావుల సంగతి తీసుకోండి. 2006 జూలైలో హర్యానాలో, కురుక్షేత్ర జిల్లాలోని ఒక పల్లెలో ఐదేళ్ల పిల్లాడు బోరు గుంతలో పడితే దాదాపు యాభై గంటల తర్వాత సైన్యం ప్రాణాలతో బయటికి తీసింది. గుంతలోకి దింపిన కెమెరాలో ఆ పిల్లాడు కనిపిస్తుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. అప్పటినుంచి బోరు గుంత అంటే టీవీకి లైవ్. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప పడినప్పుడు మన ఛానెళ్లు కూడా అక్కడే మకాం వేశాయి. ఆ పాప బతకలేదు. వాడని బోర్లు పూడ్చాలని, తవ్వేచోట కంచె వెయ్యాలని సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరిలోనే చెప్పింది. మన జిల్లాలో ఎన్ని బోర్లకు మూత ఉంది అని మేము ఏడాదికి ఒక్క వార్త రాసినా ఎక్కడో ఒక పిల్ల బతికేది. అందులో బైట్ లేదు కాబట్టి రాయలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక బాలిక మీద జరిగిన అఘాయిత్యం వార్తకు నేనే హెడ్డింగ్ పెట్టాను. కింద "పేరు మార్చాం" అని రాశాం. కానీ ఊరి పేరు ఉంది, తండ్రి చేసే పని ఉంది, ఏ బడిలో ఎన్నో తరగతో ఉంది. ఆ ఊళ్లో ఆ పని చేసేవాడు ఒక్కడే. వారం తర్వాత మా విలేకరి చెప్పాడు, ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందని. ఆ వార్త కటింగ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు పాప కెమెరా ముందు ఇంకా ఏమేం చెప్పిందో ఎప్పుడైనా అడిగారా? పిల్లల దగ్గర తీసుకునే బైట్ రెండు మూడు నిమిషాలు ఉంటుంది. వేసేది ఎనిమిది సెకన్లు. మిగతాది ఏమైందో ఒకసారి అడగండి.

వకీలు_హన్మకొండ

అక్కా, నేను లాయర్‌ని, పిల్లల కేసులు చూస్తుంటాను. ముందు చట్టం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

లైంగిక నేరాల్లో పోక్సో చట్టం సెక్షన్ 23 చాలా గట్టిది. పేరు ఒక్కటే కాదు, చిరునామా, ఫోటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే వీధి, ఏది చెప్పినా పిల్లను గుర్తుపట్టే వీలుంటే అది నేరం. ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాతడెస్కు గారు చెప్పిన "పేరు మార్చాం" వార్త ఇవాళైతే సూటిగా దీని కిందికే వస్తుంది. 2018లో జమ్మూ దగ్గర కఠువాలో జరిగిన అత్యాచారం, హత్య కేసులో చనిపోయిన పాప పేరు, ఫోటో వేసినందుకు ఢిల్లీ హైకోర్టు మీడియా సంస్థలను తలా 10 లక్షలు కట్టమంది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, బాధితురాలు చనిపోయినా సరే గుర్తింపు బయటపెట్టకూడదని తేల్చి చెప్పింది.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో సెక్షన్ 74 ఇంకొంచెం వెడల్పు. నేరంలో బాధితులైన పిల్లలు, సాక్షులైన పిల్లలు, నేరం మోపబడిన పిల్లలు, సంరక్షణ అవసరమైన పిల్లలు, వీళ్లెవరి పేరూ బడీ ఫోటో విచారణ వార్తల్లో రాకూడదు. ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

మీ పాపది నేరుగా వీటిలోకి రాదు. అయితే ఆ భోజనం మీద పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టారా లేదా కనుక్కోండి. కట్టి ఉంటే ఆ పిల్లలంతా నేరంలో బాధితులు, సాక్షులు కూడా, కాబట్టి సెక్షన్ 74 వర్తిస్తుందని వాదించవచ్చు. గెలుస్తామని హామీ ఇవ్వను, కానీ నోటీసులో ఆ మాట రాస్తే అవతలివాళ్లు జాగ్రత్తగా చదువుతారు.

ఇప్పుడు వెంటనే చెయ్యాల్సింది. ముందు ప్రతి వీడియో లింకు, పేరు, తేదీ, స్క్రీన్‌షాట్ తీసి ఒకచోట పెట్టుకోండి. వాళ్లు తీసేశాక ఆధారం ఉండదు. ఎవరికీ ఆ లింకులు పంపకండి, "తీసేయండి" అని వీడియో కింద కామెంట్లు పెట్టించకండి, దానివల్ల చూసేవాళ్లు పెరగడం తప్ప లాభం లేదు. యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదుకు వేరే ఫారం ఉంటుంది. మైనర్ల తరఫున తల్లిదండ్రులు పెట్టవచ్చు. ముఖం, పేరు కనిపించే నిమిషం సెకను రాయండి. సాధారణంగా వీడియో పెట్టినవాళ్లకు 48 గంటలు టైమిస్తారు, వాళ్లు తీయకపోతే యూట్యూబ్ వాళ్లే చూస్తారు. ఎత్తుకుని పెట్టిన చిన్న ఛానెళ్లు చాలావరకు ఇక్కడే దిగొస్తాయి.

అసలు టీవీ ఛానెల్‌కు విడిగా ఉత్తరం రాయాలి. 2021 జూన్‌లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చారు, ప్రసారాల మీద ఫిర్యాదు వస్తే ఛానెల్ 15 రోజుల్లో తేల్చాలి. జవాబు నచ్చకపోతే ఆ ఛానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కాపీ ఒకటి రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పంపండి. పాత విజువల్స్‌ను వేరే సంఘటనకు వాడారు అన్న పాయింటు చాలా ముఖ్యం, అది ప్రైవసీ ఒక్కటే కాదు, తప్పుడు వార్త కూడా. దాన్ని మొదటి పేరాలోనే రాయండి.

సోషల్_టీచర్_విశాఖ

మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసింది చెప్తానండి. నేను హైస్కూల్లో పాఠం చెప్తాను, ఇంట్లో ఇద్దరు పిల్లలు.

2020 మే 7న మా ఊళ్లో గ్యాస్ లీకైంది కదా. మేం ఉండేది దూరం, మాకేం కాలేదు. కానీ ఆ రోజంతా టీవీలో పిల్లలు రోడ్ల మీద పడిపోవడం, భుజాల మీద వేసుకుని పరుగెత్తడం, అవే దృశ్యాలు మళ్లీ మళ్లీ. మా చిన్నోడికి అప్పుడు ఐదేళ్లు. సాయంత్రానికి వాడు "అమ్మా మళ్లీ గ్యాస్ వచ్చిందా" అని అడిగాడు, ఒకసారి కాదు, ప్రతిసారీ. నాకు అర్థమవడానికి టైం పట్టింది. వాడికి అది ఒకే సంఘటన రిపీట్ అని తెలియదు. ఒక్కోసారి చూపించినప్పుడల్లా ఊళ్లో ఇంకో చోట ఇంకొంతమంది పిల్లలు పడిపోతున్నారనుకున్నాడు. తర్వాత చదివితే తెలిసింది, 2001 సెప్టెంబరులో అమెరికాలో జంట భవనాలు కూలినప్పుడు అక్కడి చిన్నపిల్లలు కొందరు కూడా ఇలాగే, ఎన్నో విమానాలు ఎన్నో భవనాలను గుద్దాయని అనుకున్నారట. మూలన "ఫైల్ విజువల్స్", అంటే ఇవి పాత దృశ్యాలు అని రాస్తే చదవడం రాని పిల్లకు ఏం తెలుస్తుంది?

వయసును బట్టి మారుతుంది. మరీ చిన్నవాళ్లు కళ్లకు కనిపించే దానికే భయపడతారు, రక్తం, మంట, ఏడుపు. పది పన్నెండేళ్లు దాటాక కనిపించని దానికి భయపడతారు, రేపు నాకూ ఇలా జరిగితే అని. మా బడిలో ప్రార్థన సమయంలో పిల్లలే వార్తలు చదువుతారు. ఒక ఏడాది ఎవరు ఏ వార్త ఎంచుకుంటున్నారో రాసుకున్నాను. ఆడపిల్లలు ఎక్కువగా ఆడపిల్లలకు జరిగిన ఘోరాలే తెచ్చేవారు. ఎందుకమ్మా అంటే ఎనిమిదో తరగతి పిల్ల అంది, "టీచర్, పేపర్లో మా గురించి ఉండేవి ఇవే కదా" అని. ఆ రోజు నుంచి నేను వాళ్లను ఇంకో పని చెయ్యమన్నాను, వారానికి ఒక వార్త మన వీధి నుంచి మీరే రాసి తెండి, కుళాయి గురించో, బస్సు గురించో. మొదట్లో రాలేదు. ఇప్పుడు చోటు చాలక గోడపత్రిక రెండు బోర్డులు చేశాం.

పరీక్షల ఫలితాలప్పుడు ఇంకా భయం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు బయటపెట్టడం మీడియా చేసిన మంచి పనే, అది చెయ్యాల్సిందే. కానీ రోజూ ఇవాళ ఎంతమంది అని లెక్క, ఫోటోలు, ఎలా చేశారో వివరాలు, అదే చింతలో ఉన్న ఇంకో పిల్ల అది చూస్తే? ఆత్మహత్య వార్తలో పద్ధతి వివరించకూడదని, పతాక శీర్షిక చెయ్యకూడదని, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది, మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో అవే సూత్రాలు తీసుకుంది. ఆ వార్తల మధ్యలోనే ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ఒక్క గుక్కలో ర్యాంకుల ప్రకటన. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ర్యాంకుల ప్రకటనలు వెయ్యకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, నాకు చాలా సంతోషమైంది.

మీ పాప ఆ వీడియోను దాచుకుని చూడటం గురించి. నేను మానసిక వైద్యురాలిని కాను, కాబట్టి తేలిగ్గా తీసుకోకుండా ఒకసారి చూపించండి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఫోన్ లాక్కోకండి. "నాతో కలిసి చూద్దాం, నీకేం గుర్తుందో చెప్పు" అనండి. పిల్లలకు జరిగింది జరిగినట్టు గుర్తుండాలి, టీవీలో చూపించినట్టు కాదు.

ఇద్దరు_పిల్లల_నాన్న

నా మాట కొంచెం కఠినంగా ఉంటే క్షమించండి. మా పెద్దోడు కూడా హాస్టలే. అన్నంలో పురుగులని ఆరు నెలలు అర్జీలు ఇచ్చాం, ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కరోజు కెమెరా వచ్చింది, సాయంత్రానికి అధికారి వచ్చాడు. పిల్లల ముఖం మసకగా చేసి వేస్తే ఎవరికి కదులుతుంది మనసు? పేదవాడికి కోర్టు లేదు, కమిషన్ లేదు, మైకు ఒక్కటే ఉంది. దాన్ని కూడా చట్టాలు చెప్పి ఆపేస్తే లాభం ఎవరికి? ఆ కాంట్రాక్టర్లకే.

పాతడెస్కు

అన్నా, మీరు చెప్పింది అబద్ధం కాదు, మైకు రాకపోతే ఆ అధికారి రాడు. కానీ మీ వార్తలో అధికారిని కదిలించింది ఏది? పురుగు ఉన్న కంచం. కంచం చూపించండి, సరుకుల గది చూపించండి, బియ్యం బస్తా మీద తేదీ చూపించండి, కాంట్రాక్టర్ పేరు పెద్దక్షరాల్లో వెయ్యండి. నేను చూసిన చాలా వార్తల్లో పిల్ల పేరు ఉంటుంది, కాంట్రాక్టర్ పేరు ఉండదు. కింద "నిర్వాహకుల నిర్లక్ష్యం" అని ఉంటుంది. పిల్ల వచ్చి కొట్లాడదు, కాంట్రాక్టర్ ఎడిషన్ ఆఫీసుకు ఫోన్ చేస్తాడు, అందుకే.

పిల్లలు మాట్లాడకూడదని కూడా నేను అనను. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు ఎప్పుడో పిల్లల చేత రేడియోలో మాట్లాడించారు, పాడించారు, నాటకాలు వేయించారు. గొంతు పిల్లలదే, ముఖం అక్కర్లేకపోయింది. వెనక నుంచి తీసి, పేరు చెప్పకుండా, ఆ పిల్ల చెప్పింది పూర్తిగా వేస్తే చూసేవాళ్లకు కదలదా?

మెతుకుసీమ_అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. పది రోజులకు రాస్తున్నాను, ఆలస్యమైంది.

యూట్యూబ్‌లో ఐదు వీడియోలకు ఫిర్యాదు పెట్టాను. రెండు పోయాయి, ఒకదాంట్లో ముఖం మసక చేశారు. మిగతా రెండింటికి జవాబు రాలేదు. ఎఫ్ఐఆర్ ఉందని తెలిసింది, నంబర్ తీసుకున్నాను.

ఈసారి ఇంటికి వచ్చినప్పుడు పాపతో కలిసి చూశాను. పాతడెస్కు అన్న అడగమన్నది అడిగాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది, "నేను అంతా చెప్పిన అమ్మా. పప్పు వాసన వస్తుందని మేం నలుగురం ముందే వంటామెకు చెప్పినం, పారబొయ్యమన్నం, వార్డెన్ వినలేదు. చిన్న క్లాసోళ్లను మేమే లేపి నీళ్లు తాగించినం, వాచ్‌మన్ తాతను మేమే లేపినం. అవన్నీ చెప్పిన. ఏడ్చింది ఒక్కటే ఏసిన్రు." ఏడాదిగా అది ఆ వీడియో మళ్లీ మళ్లీ చూస్తోంది ఎందుకంటే ఎక్కడైనా మిగతాది వస్తుందేమో అని. ప్రతి ఛానెల్‌ది తెరిచి చూసిందట.

నాకు కూడా అప్పటిదాకా ఇది తెలియదు. నేను కూడా ఆ ఎనిమిది సెకన్లే చూశాను, కన్నతల్లినై ఉండి.

ఆ రాత్రే కూర్చుని జరిగిందంతా రాసింది, నోట్‌బుక్కులో మూడు పేజీలు. ఎన్ని గంటలకు ఏం జరిగింది, ఎవరిని లేపారు, ఎవరు ఏమన్నారు. ఛానెల్‌కు పంపే ఉత్తరంతో అది కూడా పంపమంటోంది. వకీలు తమ్ముడూ, పంపవచ్చా? దానివల్ల పాపకు ఏమన్నా ఇబ్బంది అవుతుందా?

వకీలు_హన్మకొండ

పంపవచ్చు అక్కా. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. జిరాక్స్ తీసి, అందులో పాప పేరు, మిగతా పిల్లల పేర్లు, ఊరు, బడి కనిపించకుండా నల్లగా కొట్టేసి, మళ్లీ దాన్ని జిరాక్స్ తీసి జతచెయ్యండి, లేకపోతే వెలుతురులో పెడితే కింది అక్షరాలు కనిపిస్తాయి. "ఇందులోని ఏ భాగమూ మా రాతపూర్వక అనుమతి లేకుండా ప్రసారం చెయ్యకూడదు" అని ఉత్తరంలో ఒక వాక్యం పెట్టి మీరిద్దరూ సంతకం చెయ్యండి. కొట్టివేతలు లేని కాపీ ఒకటి సీల్డ్ కవర్లో ఆ ఎఫ్ఐఆర్ దర్యాప్తు చేస్తున్న అధికారికి ఇవ్వండి. వార్డెన్‌కు ముందే చెప్పారన్న విషయం కేసులో ఉందో లేదో అడగండి, నాకైతే లేదనే అనిపిస్తోంది. స్టేషన్‌కు వెళ్లేరోజు చెప్పండి, నేను కూడా వస్తాను.